పిట్టగోడమీది పూలకుండీ



పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడొకడు గ్రాట్యుయిటీ సొమ్ముతో తన యింటిమీద రెండు పోర్షనులు వేయించి గేటునకు టు-లెట్ బోర్డు తగిలించును. డాలసులో ఉద్యోగము చేయుచున్న కుమారుడు మియాపూరులోనో మధురవాడలోనో ఫ్లాటొకటి కొని, తాళపుచెవులు మేనమామ చేతిలో పెట్టి విమానమెక్కును. భర్త పోయిన ఇల్లాలొకతె మూడు వాటాల అద్దెతో పిల్లల చదువులు గడుపుకొని వచ్చును. వీరిలో ఎవ్వరును తమను వ్యాపారులుగా తలంపరు. అద్దె యనునది నెల మొదటివారమున చేతికి వచ్చు సొమ్ము. సున్నములు, రంగులు, మోటారు మరమ్మతు, ఆస్తిపన్ను పోగా మిగిలినది ఆదాయము. ఇంతటితో వారి లెక్క ముగియును. కాని ఒక కట్టడమును పరుల నివాసమునకిచ్చి దానికి ప్రతిఫలము పుచ్చుకొనుచున్నంతకాలము, ఆ కట్టడమునకు వాటిల్లు నష్టమును, ఆ కట్టడము మూలమున ఇతరులకు వాటిల్లు నష్టమును యజమానిని వెన్నంటియే యుండును. వీనిలో మొదటిదానికి హద్దు కలదు. ఇల్లు సాంతము నేలమట్టమైనను నష్టము దానిని మరల కట్టుటకగు వ్యయమును, కొంతకాలపు అద్దెను మించదు. రెండవదానికి హద్దు లేదు. పోయిన ప్రాణమునకు, విరిగిన వెన్నెముకకు, వానిపై ఆధారపడిన కుటుంబమునకు న్యాయస్థానము కట్టు వెలకును మన యింటి వెలకును ఏ సంబంధమును లేదు. హద్దున్న నష్టమునకు బీమా చేయువారే మనలో కొద్దిమంది; హద్దులేనిదానిని గూర్చి తలపోయువారు మరియు అరుదు. నేటి నా ప్రసంగము ఈ తలక్రిందులైన ముందుజాగ్రత్తను గూర్చియే.

గృహములకు అగ్నిబీమా అను ఏర్పాటు 1666 నాటి లండను మహాదహనమునకు పిమ్మట పుట్టినది. కాలిపోయిన నగరమును తిరిగి కట్టించుటలో ధనమార్జించిన నికొలస్ బార్బన్ అను వైద్యుడు 1680 ప్రాంతమున ఇండ్లకు అగ్నిబీమా చేయు కార్యాలయమును తెరచెను. మన దేశమున 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీయు, 1907లో బొంబాయిలో ఇండియన్ మర్కంటైల్ కంపెనీయు వెలసినవి. 1973 జనవరి 1వ తేదీనుండి 107 సంస్థలు జాతీయమై నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా ఏర్పడినవి. ఈ శతాబ్ది ఆరంభమునుండి ప్రైవేటు కంపెనీలు మరల వచ్చినవి. ఈ చరిత్రనంతటిని చూచినను గోడలకు, సరకులకు, ఓడలకు దొరకిన రక్షణ ముందు. గోడక్రింద పడిన మనిషికి దొరకిన రక్షణ చాల వెనుక.

ముందుగా గోడల సంగతి. 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి నియంత్రణ సంస్థయైన ఐఆర్‌డీఏఐ ఆజ్ఞానుసారము నివాసగృహములకు ‘భారత్ గృహరక్ష’ అను ఒకే నమూనా పాలసీ దేశమంతటను అమలులోనికి వచ్చినది. అగ్ని, పిడుగు, ప్రేలుడు, భూకంపము, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడుట, అల్లర్లు, నీటి ట్యాంకులు గాని గొట్టములు గాని పగిలి పొంగుట మొదలగువానివలన కట్టడమునకు కలుగు నష్టము దీనిలో చేరును. కట్టడమునకు బీమా చేసినచో అందలి సామాన్యపు సామగ్రికి, ఆ మొత్తములో నూటికి 20 వంతులు, 10 లక్షల రూపాయలకు మించకుండ, వేరుగ అడుగకయే రక్షణ లభించును. దొంగతనము మాత్రము పై ప్రమాదములలో ఏదేని సంభవించిన 7 దినములలోపల జరిగిననే వర్తించును. తాళము పగులగొట్టి చేయు మామూలు దొంగతనమునకు వేరు పాలసీ తీసికొనవలెను. మేడమీది స్నానాలగదినుండి మాసముల తరబడి క్రింది యింటి కప్పులోనికి దిగిన చెమ్మ యున్నదే, అపార్టుమెంటులలో పొరుగువారి మాటలు పోవుటకు ప్రథమకారణమైన ఆ చెమ్మ, దానికి ఈ పాలసీలో చోటు లేదు; ఉన్నట్టుండి గొట్టము పగులుట ప్రమాదము, మెల్లమెల్లగా కారుట యజమాని అశ్రద్ధ యని బీమావారి సిద్ధాంతము. న్యాయముగా చూచిన, ఇది కాదనదగిన సిద్ధాంతము కాదు.

ఎంతకు బీమా చేయవలెనను ప్రశ్నవద్ద పెద్ద చదువులు చదివినవారును తడబడుట కలదు. ఫ్లాటు 80 లక్షలకు కొంటిమి గనుక 80 లక్షలకు బీమా చేయవలెనని ఒకరు. రిజిస్ట్రేషను విలువ 35 లక్షలు గనుక అంతే చాలునని మరియొకరు. నేల కాలదు, కొట్టుకొనిపోదు. కనుక నేల వెలకు బీమా లేదు. వేయి చదరపుటడుగుల కట్టడమును నేటి ధరలతో మరల కట్టుటకు అడుగునకు 2,000 రూపాయల చొప్పున అగుననుకొన్నచో బీమా మొత్తము 20 లక్షలు. మిగిలిన 60 లక్షలు ఆ ప్రాంతపు గిరాకికి మనము చెల్లించిన కప్పము. పాత అగ్నిపాలసీలలో తక్కువకు బీమా చేసినవానిని ఆ మేరకు తానును నష్టములో భాగస్థుడైనట్లు లెక్కించెడివారు; 40 లక్షల కట్టడమునకు 20 లక్షలే బీమాయున్నచో, 4 లక్షల నష్టమునకు 2 లక్షలే చేతికి వచ్చెడిది. గృహరక్షలో ఈ కోత తొలగింపబడినది. కాని క్రింది అంతస్తును కిరాణా కొట్టునకో, మందుల దుకాణమునకో ఇచ్చినవారు జ్ఞప్తియందుంచుకొనవలసిన దేమనగా, వ్యాపారస్థలములకు వర్తించు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ వంటి పాలసీలలో నూటికి 15 వంతుల లోటు మాత్రమే మన్నింపబడును. లోటు అంతకు మించినచో పాత కోత యథాతథము.

అద్దె మీద బ్రతుకువారికి ఇంతకంటె ముఖ్యమైన అంశమొకటి యీ పాలసీలోనే యున్నది గాని, దానిని అడిగి తెలిసికొనువారు తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడును, 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము నీట మునిగినప్పుడును, అద్దెకున్నవారు సామానులు తీసికొని బంధువుల యిండ్లకు తరలిపోయిరి. ఆస్తి బదిలీ చట్టము, 1882లోని 108వ విధి ననుసరించి, అగ్నివలన గాని వరదవలన గాని ఇంటిలో ముఖ్యభాగము నాశనమైనచో గాని, ఇక నివసింప వీలుకానంతగా చెడిపోయినచో గాని, ఆ కౌలును రద్దు చేసికొను హక్కు అద్దెదారునకే కలదు. అప్పుడు యజమానికి రెండు దెబ్బలు: గోడలకు మరమ్మతు, మరమ్మతు ముగియువరకు అద్దె నాస్తి. గృహరక్షలో ఈ పోయిన అద్దెకును పరిహారము చేర్చియే యున్నారు. అయితే బీమాకు లోబడిన ప్రమాదమువలన ఇల్లు వాసయోగ్యము కాకపోయినప్పుడే ఇది వర్తించును. అద్దెదారు రెండు నెలలు ఎగవేసి రాత్రికి రాత్రి ఖాళీ చేసినను, టు-లెట్ బోర్డు ఆరునెలలు వ్రేలాడినను బీమాకంపెనీ పైసయు ఇయ్యదు.

పాలసీకి ప్రాణము నిజము చెప్పుట. సుమత్రా ద్వీపములోని మార్ల్‌బరో కోటకు చేసిన బీమాను గూర్చి 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ చెప్పిన తీర్పు మొదలుకొని నేటివరకు, తనకు తెలిసిన ముఖ్యవిషయమును బీమా కోరువాడు దాచరాదనునది ఈ శాస్త్రమునకు పునాది. మన వారు చేయునదేమి? ఇల్లు కొన్న సంవత్సరము, బ్యాంకు అప్పు కొరకు, స్వయముగా నివసించుచున్నట్లు వ్రాసి పాలసీ తీసికొందురు. మూడేండ్లకు బదిలీ అయి ఇల్లు అద్దెకిచ్చెదరు. తరువాత అదే యింటిని ముగ్గురు కలిసి హాస్టలుగా మార్చెదరు. పాలసీ కాగితములో మాత్రము యజమాని, భార్య, ఇద్దరు పిల్లలు ఇంకను కాపురముందురు. అద్దెకిచ్చుట దోషము కాదు, బీమావారికి చెప్పకపోవుట దోషము. ఇంటి వాడుక మారుటవలన అపాయము ఎంతగా మారునో హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న లోకము చూచినది. కుటుంబములు కాపురమున్న భవనము క్రింది అంతస్తున నిలువచేసిన రసాయనముల డ్రమ్ములు అంటుకొని 9 మంది మరణించిరి. గోదాముకని ఎవరైన సెల్లారు అడిగినప్పుడు అద్దె రెట్టింపు వచ్చునని సంతోషించుటకు ముందు, అందేమి పెట్టబోవుచున్నారో అడుగుట యజమాని పని. ఆ జవాబును బీమాకంపెనీకి వ్రాతమూలముగా తెలుపుటయు అతని పనియే.

ఇక హద్దులేని రెండవ నష్టమును గూర్చి. ఒక సామాన్యమైన రెండంతస్తుల యింటిని గేటునుండి డాబావరకు చూచుకొనుచు పోవుదము. గేటు దాటగనే సంపు. దానిమూత ఇల్లు కట్టిననాటి ఇనుపరేకు. బందు తుప్పుపట్టి ఊడినది. నీళ్ల ట్యాంకరు కుర్రవాడు దానిని కాలితో ప్రక్కకు త్రోసి, గొట్టము పెట్టి, పోవునప్పుడు సగము మూసి పోవును. ప్రక్కనే బోరు మోటారు స్విచ్చు. వాన తగులకుండ దానికొక పాలిథిన్ సంచి. మెట్లక్రింద కరెంటు మీటర్లు, వానిని ఆనుకొని అద్దెకున్నవారి విద్యుత్ స్కూటర్లు రాత్రి తెల్లవార్లును చార్జింగులో నుండును. మొదటి మలుపులో మెట్ల కటకటా చేయి వేసిన ఊగును. దానిని వెల్డింగు చేయింపుమని పై పోర్షనువారు దసరాకు చెప్పిరి, సంక్రాంతికి చెప్పిరి. సజ్జమీద ఏసీ పెట్టె, వీథిమీదికి వ్రేలాడుచు, రెండు బోల్టుల ఆధారమున నిలిచియుండును. అన్నిటికిని పైన డాబా. మోకాలికి కొంచెము మీదుగా పిట్టగోడ. దానిపై వరుసగా తులసి, బంతి, క్రోటను కుండీలు. డాబా తలుపునకు గొళ్లెమే గాని తాళము లేదు. గాలిపటముల పండుగనాడు ఆ వీథి పిల్లలందరు అక్కడనే యుందురు.

వీనిలో ప్రతిదానివెనుకను ఒక వ్యాజ్యము పొంచియున్నది. ఢిల్లీ చాందినీచౌకులో పురమందిరమున కెదురుగానున్న గడియారపు స్తంభము కూలి ముగ్గురు మరణించినప్పుడు, దాని యజమానియైన నగర కార్పొరేషను తనకు లోపము తెలియదని వాదించెను. ఆ కట్టడమునకు 80 ఏండ్లు; అందు వాడిన సున్నమునుబట్టి చూడగా దాని ఆయుష్షు 40, 45 ఏండ్లకు మించదని సాక్ష్యము వచ్చెను. 1966లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఇండ్లుగలవారందరును చదువదగినది: బాట ప్రక్కన కట్టడము కలవాడు దానిని అపాయరహితముగా ఉంచుటకు బద్ధుడు, ఆ దారిని పోవువాడు గాయపడినచో, లోపము నాకు తెలియదనుట గాని, అది కంటికి కనబడని లోపమనుట గాని ప్రతివాదము కానేరదు. నగర కార్పొరేషను గడియారమునకు చెల్లిన న్యాయమే మన పిట్టగోడమీది పూలకుండీకిని చెల్లును.

ఇంటిలోపల నివసించువారి సంగతి వేరుగా నడచినది. 1906లో ఇంగ్లండున ఒక పాడుబడిన యింటి నేల కూలి, అద్దెదారు భార్య గాయపడెను. బాగుచేయింతునని యజమాని పక్షమున మాట ఇయ్యబడియే యున్నది. అయినను ఒప్పందము భర్తతో గాని భార్యతో కాదు గనుక ఆమెకు దావా వేయు హక్కు లేదని అక్కడి ప్రభువుల సభ తీర్చినది. శాస్త్రమెంత సూక్ష్మమైనను ఆ తీర్పులో దయయు లేదు, లోకజ్ఞానమును లేదు. ఇల్లు భర్తకు మాత్రమే అద్దెకిచ్చినవాడెవ్వడు? అర్ధశతాబ్దికి పిమ్మట 1957లోను, మరల 1972లోను ఆంగ్లేయులు చట్టములు చేసి ఆ ముడిని విప్పుకొనిరి. మనకు అట్టి ప్రత్యేక శాసనము లేదు. నిర్లక్ష్యమును గూర్చి న్యాయస్థానములు పెంచుకొనివచ్చిన సూత్రములే ఆధారము. మెట్లు, డాబా, సంపు, లిఫ్టు మొదలగు ఉమ్మడి తావులు ఎవరి అధీనములో నున్నవో వారిదే వాని బాధ్యత. పోర్షను లోపలిది సామాన్యముగా అద్దెదారు ఏలుబడి. చిన్నపిల్లల విషయమున జాగ్రత్త మరింత అధికముగా నుండవలెనని, ఉద్యానమున విషపుపండ్లు తిని పిల్లవాడు మరణించిన 1922 నాటి గ్లాస్గో వ్యాజ్యమునుండి న్యాయమూర్తులు చెప్పుచునే యున్నారు. మూతలేని సంపు ప్రక్కన ‘జాగ్రత్త’ యని వ్రాసిన పలక మూడేండ్ల బిడ్డకు ఏమి చెప్పగలదు?

ప్రమాదమునకు మూలమైన వస్తువు నాది కాదను వాదమును పెద్ద రక్ష కాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది ప్రాణములు తీసిన మంట, భవనము క్రిందనున్న విద్యుత్ బోర్డువారి ట్రాన్స్‌ఫార్మరునుండి పుట్టినది. కాని పొగలో చిక్కినవారు బయటపడు దారులు మూతబడియుండుట భవనము నడపువారి దోషము. 2011లో సుప్రీంకోర్టు పరిహారములో నూటికి 85 పాళ్లు హాలువారిపైనను, 15 పాళ్లు విద్యుత్ బోర్డుపైనను మోపెను. మంట ఎవరి వస్తువున పుట్టినది అనుదానికంటె, మనుష్యులు బయటపడు దారిని ఎవరు మూసిరి అను ప్రశ్నకే ఎక్కువ బరువు వచ్చెను. మెట్లక్రింద సామానులు నింపుకొనుటకు అద్దెదారులకు అనుమతించు ఇంటి యజమానులు ఈ సంగతిని గమనింతురుగాక.

పరిహారము ఎంతవరకు పోవును? మోటారు ప్రమాదముల వ్యాజ్యములలో 2009లో సుప్రీంకోర్టు స్థిరపరచిన లెక్కయొకటి కలదు. అది రోడ్డు ప్రమాదములకు చెప్పినదైనను అంచనాకు పనికివచ్చును. నెలకు 50,000 రూపాయలు సంపాదించు 28 ఏండ్ల యువకుడు మరణించినాడనుకొనుడు. సాలుకు 6 లక్షలు. స్వంత ఖర్చునకు మూడవవంతు తీసివేయగా 4 లక్షలు. ఆ వయస్సునకు చెప్పిన గుణకము 17. వెరసి 68 లక్షలు. భవిష్యత్తులో పెరుగదగిన జీతము మొదలైనవి ఇంకను చేరలేదు. మనము ఇందాక 20 లక్షలకు బీమా చేసిన కట్టడము ఇది! కట్టడము పోయినచో 20 లక్షలు వచ్చును; కట్టడముమీదనుండి ఒక ఏసీ పెట్టె జారిపడినచో 68 లక్షలు పోవును. ఆ రెండవదానికి గృహరక్షలో ఒక్క వాక్యమును లేదు. అది కట్టడమునకును సామగ్రికిని రక్షణయే గాని, మూడవవారి దావాలకు కాదు.

దానికొరకు అడుగవలసినది ‘పబ్లిక్ లయబిలిటీ’ విభాగము. గృహస్థుల ప్యాకేజీ పాలసీలు అమ్ము కంపెనీలలో పలువురు దీనిని ఐచ్ఛికముగా చేర్చుదురు. మూడవవారి దేహమునకు గాని ఆస్తికి గాని మన యింటివలన కలిగిన నష్టమునకు న్యాయముగా మనము చెల్లింపవలసి వచ్చిన సొమ్మును, కంపెనీ సమ్మతితో చేసిన వకీలు ఖర్చులను, వ్రాసియిచ్చిన పరిమితివరకు భరించును. ఇంటివారు నివసించు ఇంటికి వర్తించు విభాగము అద్దెకిచ్చిన ఇంటికి వర్తింపకపోవచ్చును. కనుక కట్టడము అద్దెకున్నదను మాట ఆ విభాగమునకు క్రిందనే వ్రాయించుకొనవలెను. ఇంటిపనివారికిని, మరమ్మతు పనివారికిని వేరు విభాగము. రంగులు వేయుచు కొయ్యలపైనుండి పడిన కూలి విషయమున మేస్త్రీ యజమానియా, ఇంటాయన యజమానియా యను తగవు నష్టపరిహార కమిషనరు ఎదుట ఏండ్లు నడచును. అమెరికాలోని మన తెలుగువారు అద్దె యింటికి వేరు పాలసీ, దానిపైన అంబ్రెల్లా యని పిలుచు అదనపు బాధ్యతారక్షణ ఉండుట ఎరిగినవారే. టెక్సాసులోని యింటికి వానిని శ్రద్ధగా తీసికొనువాడే మియాపూరు ఫ్లాటును గూర్చి మేనమామను ‘అద్దె పడినదా’ యని తప్ప మరేమియు అడుగడు. ఆ మేనమామతో పై పోర్షనువారు కటకటా ఊగుచున్నదని చెప్పినచో, కాంట్రాక్టు చట్టము, 1872లోని 229వ విధి ననుసరించి అది డాలసులోనున్న యజమానికి చెప్పినట్లే. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు తేదీయు, గడియయు కూడ నుండును.

పాలసీలో చిన్న అక్షరములతో నుండు షరతొకటి మనస్సును ఇబ్బంది పెట్టునది: ప్రమాదము జరిగినప్పుడు కంపెనీ అనుమతి లేనిదే తప్పు ఒప్పుకొనరాదు, పరిహారము వాగ్దానము చేయరాదు. ఇది చదివి, పడిన బిడ్డను ఎత్తుకొనుటకే జంకువారు కలరు. అది అవివేకము. ఆసుపత్రికి తీసికొనిపోవుట, డబ్బు కట్టి చికిత్స మొదలుపెట్టించుట మానవధర్మము. ‘నా లోపమే, ఎంతైన ఇత్తును’ అని కాగితము వ్రాసియిచ్చుట వేరు. మొదటిది చేయుడు, రెండవది కంపెనీకి తెలిపి చేయుడు. మరియు బీమా డబ్బు చెల్లించును గాని శిక్షను అనుభవింపదు. నిర్లక్ష్యమువలన మరణము కలిగించినవారికి భారతీయ న్యాయ సంహితలోని 106వ విధి 5 ఏండ్లవరకు కారాగారమును విధించును, దానికి ప్రీమియం కట్టించుకొను కంపెనీ యేదియు లేదు.

అగ్రిమెంటులను గూర్చి కొంచెము. ఏడాది మించినచో రిజిస్ట్రేషను తప్పదని 11 నెలల కాగితము వ్రాసికొనుట మన ఆచారము. అందు ‘ఏ ప్రమాదమునకును యజమాని బాధ్యుడు కాడు’ అను వాక్యమును డాక్యుమెంటు రైటరు తప్పక చేర్చును. ఆ వాక్యము సంతకము చేసినవానిని ఎంతవరకు కట్టివేయునో న్యాయస్థానమే తేల్చవలెను గాని, వీథిలో నడచిపోవువానిని, పాలుపోయుటకు వచ్చినవానిని, అద్దెదారుని ఇంటికి వచ్చిన చుట్టమును ఏమాత్రమును కట్టివేయదు. దానికంటె మేలైన వాక్యములు వేరేయున్నవి: మరమ్మతులు ఎవరివి, ఎన్నాళ్లలో, డాబా తాళము ఎవరియొద్ద, పోర్షనులో వ్యాపారము, నిలువలు నిషేధము, నోటీసిచ్చి యజమాని లోపల చూచుకొను హక్కు. అద్దెదారుకును ఒక మాట: యజమాని పాలసీ నీ టీవీని గాని నీ బీరువాను గాని కాపాడదు, నీ అశ్రద్ధవలన ఇల్లు కాలినచో యజమానికి చెల్లించిన కంపెనీ అతని హక్కులను పుచ్చుకొని నీమీదనే దావా వేయగలదు. గ్యాసు విషయమైతే, నమోదైన వినియోగదారులకు ఆయిల్ కంపెనీలే ఒక బాధ్యతాబీమా ఉంచినవి. సిలిండరు ప్రమాదమున మరణించినవారికి 6 లక్షలు, చికిత్సకు ఒక్కొక్కరికి 2 లక్షలవరకు, ఆస్తినష్టమునకు 2 లక్షలవరకు. ఈ చివరిది కనెక్షను నమోదైన చిరునామాకే వర్తించును. పాత ఊరి చిరునామాతోనే సిలిండరు తెచ్చుకొను అద్దెదారులెందరో! ఇల్లిచ్చునప్పుడు ఆధార్ నకలు అడుగు యజమాని, గ్యాసు పుస్తకములోని చిరునామా మార్పించుకొన్నారా యని కూడ అడిగిన బాగుండును.

నష్టము జరిగినపుడు ఫొటోలు తీసి, ఆలస్యము చేయక కంపెనీకి తెలిపి, సర్వేయరు వచ్చి చూచువరకు శిథిలములను తొలగింపక, తీయక తప్పనిచో చిత్రములతో సహా భద్రపరచి యుంచవలెను. కంపెనీ నిరాకరించినను, తక్కువ ఇచ్చినను, ముందు దానికే ఫిర్యాదు వ్రాసి, 30 దినములలో తృప్తికరమైన జవాబు రాకున్న బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. మన రెండు రాష్ట్రములకు ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు. 50 లక్షలవరకు తగవులు వినును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అచ్చటి తీర్పునకు కంపెనీ కట్టుబడవలెను.

ఇండ్లు అద్దెకిచ్చిన శ్రోతలారా! గృహరక్షవంటి పాలసీకి సాలుకు కట్టవలసినది సాధారణముగా ఒక నెల అద్దెకు చాల దిగువనే యుండును. బాధ్యతా విభాగము చేర్చినందున అది మోయరాని భారము కాదు. బీరువాలోనున్న పాలసీ కాగితమును ఈ వారములోనే బయటికి తీసి మూడు సంగతులు చూడుడు: ఇల్లు అద్దెకున్నదని అందు వ్రాసియున్నదా, పోయిన అద్దెకు పరిహారమున్నదా, పబ్లిక్ లయబిలిటీ యను విభాగమున్నదా. లేనిదానిని చేర్పింపుమని ఏజెంటునకు వ్రాతమూలముగా తెలుపుడు. ఆ జవాబు వచ్చులోపల వెల్డింగు వానిని పిలిచి సంపు మూతకు బందు వేయించుడు.